గోడలో పైపు ఎవరిది? ఫ్లాట్ రిపేర్లలో ఉమ్మడి ఖర్చుల లెక్క

విజయనగరంలో పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ బాగు చేయించుకునే పనులు దసరాకి ముందు ఊపందుకుంటాయి. పైడితల్లి సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారు. ఆలోపు బాత్రూమ్ టైల్స్ మార్చి, వంటింట్లో కొత్త గ్రానైట్ వేయించి, రంగులు పూర్తి చేయాలని ఇంటివాళ్ల తొందర. తాపీమేస్త్రీ మూలనున్న టైల్స్ కొట్టగానే గోడలో నల్లటి చెమ్మ, దాని వెనక నాలుగంగుళాల డ్రైనేజీ పైపు, జాయింట్ దగ్గర బీట కనిపిస్తాయి. ఆ పైపులోంచి పై అంతస్తుల మురుగునీరు కూడా దిగుతుంది. ఇప్పుడే మార్చేస్తే మంచిదంటాడు మేస్త్రీ. ప్లంబర్ ఒక అంకె చెబుతాడు. ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర పని ఆగిపోతుంది.

చాలా భవనాల్లో వినిపించే జవాబు ఒకటే: "మీ ఇల్లు మీరు పగలగొట్టుకున్నారు, మీరే చేయించుకోండి." ముహూర్తం దగ్గరపడ్డ ఇంటి యజమాని గొడవెందుకని సొంత డబ్బుతో పైపు మార్పించేస్తాడు. సమస్య తీరినట్టే కనిపిస్తుంది కానీ ఆ జవాబు తప్పు. ఆ పైపు ఏళ్ల తరబడి పాడవుతూ వచ్చింది. టైల్స్ తీశారు కాబట్టి ఈరోజు కంటపడింది, అంతే. తీయకపోతే మరో వర్షాకాలానికి కింది ఫ్లాట్ స్లాబ్ పెచ్చులూడి, ఇనుప చువ్వలు తుప్పుపట్టి, ఇంతకు నాలుగింతల ఖర్చు అందరి నెత్తినా పడేది. ముందుగా కనిపెట్టిన మనిషికే బిల్లు వేస్తే, రేపు ఇంకొకరి ఇంట్లో బీట కనిపించినప్పుడు ఎవరికీ చెప్పకుండా సిమెంటు పూసి, పైన టైల్ అతికించేస్తారు. అలా జరిగిన భవనాలు తక్కువేమీ లేవు.

చట్టం చూసే తీరు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల నిర్మాణం, యాజమాన్యం గురించి 1987 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. ఫ్లాట్ యజమానికి తన ఫ్లాట్ మీద సొంత హక్కు, భవనంలోని ఉమ్మడి భాగాల మీద విడదీయరాని వాటా ఉంటాయని అది చెబుతుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఇన్ని గజాలు అని రాసే అవిభాజ్య వాటా మాట ఈ ఏర్పాటులోదే. తర్వాత 2016లో వచ్చిన రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం) ఉమ్మడి భాగాలేవో ఇంకా వివరంగా చెప్పింది. మెట్లు, లిఫ్టు, డాబా సరే. కరెంటు, నీరు, పారిశుద్ధ్యం కోసం పెట్టిన కేంద్ర ఏర్పాట్లు, నీళ్ల ట్యాంకులు, సంపులు, మోటార్లు, పైపులూ వైర్లూ వెళ్లే డక్ట్‌లు, ఉమ్మడి వాడకానికి బిగించిన పరికరాలు అన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. బాత్రూమ్ గోడలోంచి వెళ్లే నిలువు డ్రైనేజీ పైపు ఈ లెక్కన ఉమ్మడిదే. అది ఎవరి గోడలో ఉందన్నది దాన్ని సొంత ఆస్తిగా మార్చేయదు.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. వస్తువు ఉన్న చోటును బట్టి యజమాని ఎవరో తేల్చేస్తారు. ఈ ఊళ్లో సాధారణంగా కట్టే స్టిల్ట్ పార్కింగ్, పైన నాలుగైదు అంతస్తుల భవనాన్ని తీసుకోండి. మీటర్లన్నీ కింద పార్కింగ్‌లో ఒకే బోర్డు మీద ఉంటాయి. అక్కడి నుంచి ఒక్కో ఫ్లాట్‌కీ విడి వైరు డక్ట్ గుండా పైకి వెళ్తుంది. ఆ వైరు ఉమ్మడి డక్ట్‌లో నాలుగంతస్తుల పొడవునా ఉన్నా, అది ఒక్క ఫ్లాట్‌కే కరెంటు మోస్తుంది కాబట్టి పూర్తిగా ఆ ఫ్లాట్ వాళ్లదే. కాలిపోతే వాళ్లే మార్చుకోవాలి. అదే మురుగు పైపు ఒక ఇంటి బాత్రూమ్ లోపల దాగి ఉన్నా ఆ వరుసలో కింది నుంచి పైదాకా ఉన్న ఇళ్లన్నిటికీ పని చేస్తుంది. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది ఎవరికి పని చేస్తోంది అని. రెండోది, ఎందువల్ల పాడైంది, వయసు వల్లా, ఎవరైనా చేసిన పని వల్లా? మూడోది, కొత్తగా భారం పెంచుతున్నదెవరు? ఈ మూడూ వరుసగా అడిగితే పదిలో ఎనిమిది తగాదాలు మీటింగ్ దాకా రావు.

లెక్క వేసి చూద్దాం. అంతస్తుకి మూడు ఫ్లాట్ల చొప్పున ఐదంతస్తులు, మొత్తం 15 ఫ్లాట్ల భవనం అనుకుందాం. మూడో అంతస్తులో బాత్రూమ్ బాగు చేయిస్తుంటే నిలువు పైపు బీటలు బయటపడ్డాయి. పైపు, ఫిట్టింగులు, ప్లంబర్ కూలీ కలిపి 22,500 రూపాయలు అవుతుందనుకోండి. ఇది ఉమ్మడి ఖర్చు. 15 ఇళ్లకి సమంగా పంచితే తలా 1,500. పాత టైల్స్ కొట్టడం, కొత్త టైల్స్ పరచడం మాత్రం ఆ ఇంటివాళ్లదే, ఎందుకంటే పైపు బాగున్నా ఆ ఖర్చు వాళ్లు ఎలాగూ పెట్టుకునేవాళ్లే. పైపు కోసం అదనంగా కొట్టాల్సి వచ్చిన గోడ, దాని ప్లాస్టరింగ్, అందువల్ల పెరిగిన కూలి రోజులు ఫ్లాట్ యజమానుల అసోసియేషన్ భరించాలి. పనివాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఉమ్మడి పైపు మార్చడానికి ఇంతకంటే చవకైన సమయం దొరకదు.

ఎవరి ఇంట్లోనూ పని జరగడం లేదు, అయినా లీకు వల్ల ఒకరి బాత్రూమ్ తప్పనిసరిగా పగలగొట్టాల్సి వచ్చిందనుకోండి. అప్పుడు టైల్స్‌తో సహా మళ్లీ మామూలుగా చేసి ఇచ్చే బాధ్యత అసోసియేషన్‌దే. అందరి పైపు కోసం ఒకరి ఇల్లు పాడైతే, ఆ ఒక్కరూ జేబులోంచి పెట్టుకోవడం న్యాయం కాదు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ ఇంటివాళ్లు రెండేళ్ల కిందట చదరపు అడుగు 60 రూపాయల టైల్ తీసేసి 250 రూపాయల టైల్ వేయించి, పైపు చూడటానికి చిన్న తలుపు కూడా వదలకుండా మూసేశారనుకుందాం. అసోసియేషన్ 250 రూపాయల టైల్‌కి డబ్బు ఇవ్వాలా? ఇవ్వనక్కర్లేదు. మామూలు టైల్ ధర, కూలి ఇస్తే చాలు. ఉమ్మడి పైపు మీద ఖరీదైన పొర వేసుకోవడం వాళ్ల ఎంపిక కాబట్టి తేడా వాళ్లే భరించాలి. ఈ మాట పని మొదలయ్యే ముందే కాగితం మీద ఉంటే తర్వాత మనసు నొచ్చుకోవడం ఉండదు.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా ఖర్చు మాట్లాడటం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. బాత్రూమ్ అడుగున స్లాబ్‌ను కాస్త దించి కడతారు. దాన్నే మేస్త్రీలు సంకెన్ అంటారు. ఆ గుంతలో నహానీ ట్రాప్ (నేల మీది నీరు దిగే జాలీ కింది అమరిక), అడ్డ పైపులు ఉంటాయి. నిలువు పైపులో కలిసేదాకా అవన్నీ ఆ ఇంటివాళ్లవే. వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయకుండా సంకెన్ పూడ్చేస్తే నీరు అందులో నిలిచి కింది ఇంటి సీలింగ్‌లో దిగుతుంది. ఈ లీకు బాధ్యత పైఇంటి వాళ్లది. కింది సీలింగ్ బాగు చేయించి, రంగు వేయించడం కూడా వాళ్లదే. అదే నీరు నిలువు పైపు జాయింట్ నుంచో, బయటి గోడ పగుళ్ల నుంచో దిగుతుంటే ఉమ్మడి ఖర్చు. రెంటికీ సీలింగ్ మీద మరక ఒకేలా ఉంటుంది. పైఇంటివాళ్లు వారం రోజులు ఊరెళ్లినప్పుడు మరక ఆరుతోందా లేదా చూడటం అన్నిటికంటే సులువైన పరీక్ష. ఇల్లు తాళం వేసి ఉన్నా తడి తగ్గకపోతే అనుమానం నిలువు పైపు మీదకి వెళ్తుంది. వాన పడ్డ రోజుల్లోనే తడి పెరిగితే బయటి గోడో డాబానో చూడాలి. బాత్రూమ్ కొత్తగా చేయిస్తున్నప్పుడైతే సంకెన్‌కి వాటర్‌ప్రూఫింగ్ పూసి, నీళ్లు నింపి 48 గంటలు వదిలేసి, కింది ఇంట్లోకి వెళ్లి చూడాలి. రెండు రోజుల ఆలస్యానికి బాధపడి ఈ పరీక్ష మానేసేవాళ్లు చాలామంది. కింద కాపురముండేవాళ్లకి ఏళ్ల తరబడి టెన్షన్ తెచ్చిపెట్టేది ఆ రెండు రోజుల తొందరే.

ఉమ్మడి ఖర్చు అని ఒప్పుకున్నాక పంపకం దగ్గర మరో వాదన వస్తుంది. ఆ నిలువు పైపు ఐదు ఇళ్లకే కదా, మిగతా పది ఇళ్లు ఎందుకు కట్టాలి? పై ఉదాహరణలో ఐదు ఇళ్లకే పంచితే తలా 4,500 పడుతుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ భవనాన్ని వరుసలుగా ముక్కలు చేస్తే, డాబా కారినప్పుడు పై అంతస్తు మూడిళ్లే కట్టుకోవాలి. పార్కింగ్‌లో సంప్ పగిలితే మేము బోరు నీళ్లే వాడతాం అనేవాళ్లు తప్పుకుంటారు. చిన్న గుంపుల మీద పెద్ద బిల్లులు పడి, ఏ పనీ జరగదు. ఒక్కో ఏడాది ఒక్కో వరుసకి అవసరం వస్తుంది కాబట్టి అందరూ అన్నిటికీ కట్టే పద్ధతే నిలబడుతుంది. వాన పడితే డాబా మొత్తం భవనానికి గొడుగు పట్టినట్టే. పై అంతస్తులో ఉన్నందుకు ఆ ముగ్గురికే శిక్ష వేయకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ జిల్లాల్లో డాబాల మీద ఉన్నవాటికి జరిగిన నష్టం ఎవరి తప్పు వల్లా కాదు. అలాంటి ఖర్చు అందరూ పంచుకోవడం తప్ప వేరే దారి లేదు.

మొదటి అంతస్తు వాళ్లు లిఫ్టు వాడం అంటారు. మహారాష్ట్రలో 1970 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం దీనికి సూటిగా జవాబు ఇచ్చింది. ఉమ్మడి వసతిని వాడటం మానేసినంత మాత్రాన ఖర్చు వాటా నుంచి తప్పించుకోలేరని అందులో ఉంది. ఆ రాష్ట్రపు హౌసింగ్ సొసైటీల నమూనా బైలాలలో, అంటే సొసైటీ నడిపే నియమాల్లో, ఖర్చుని బట్టి పద్ధతి మారుతుంది. లిఫ్టు ఖర్చు ఇళ్లన్నిటికీ సమానం, నీటి ఖర్చు ఒక్కో ఇంట్లోని కొళాయి కనెక్షన్ల సంఖ్య, సైజును బట్టి, భవనం మరమ్మతులు నిర్మాణ ఖర్చును బట్టి. మన దగ్గర ఆ బైలాలు వర్తించవు గానీ ఆ ఆలోచన తీసుకోదగ్గది. 850 చదరపు అడుగుల ఫ్లాట్, 1,600 చదరపు అడుగుల ఫ్లాట్ ఒకే భవనంలో ఉన్నప్పుడు డాబా వాటర్‌ప్రూఫింగ్ లాంటి పెద్ద ఖర్చు దస్తావేజులోని అవిభాజ్య వాటాను బట్టి పంచడం, లిఫ్టు లాంటిది తలా ఇంతని పంచడం సమంజసం. అన్ని ఫ్లాట్లూ దాదాపు ఒకే సైజులో ఉంటే ఈ లెక్కలతో తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, సమానంగా వేసుకుంటే చాలు.

కరెంటు విషయం కాస్త వేరు. ఇక్కడ పాత వస్తువు పాడవడం కంటే కొత్త భారం పెరగడం ముఖ్యం. ఇరవై ఏళ్ల కిందట ఫ్లాట్ అంటే ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, మిక్సీ. ఇంటికి 2 కిలోవాట్ల లోడ్ సరిపోయేది. ఇప్పుడు బాగు చేయించే ప్రతి ఇంట్లో రెండు మూడు ఏసీలు, గీజర్లు, ఇండక్షన్ పొయ్యి ఉంటున్నాయి. ఒక టన్నున్నర ఏసీ ఒకటిన్నర కిలోవాట్ దాకా లాగుతుంది, గీజర్ 2 కిలోవాట్లు. తన ఇంటి లోడ్ పెంచమని ఇక్కడి కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్‌కి దరఖాస్తు చేసి కట్టే డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ పూర్తిగా ఆ యజమానివే. లావు వైరు, లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే కొత్త ఎంసీబీ స్విచ్‌లు కూడా వాళ్లవే. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదు.

తగాదా వచ్చేది ఉమ్మడి మెయిన్ కేబుల్, ప్యానెల్ బోర్డు, భవనం కోసం పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ చాలనప్పుడు. మొదట ఏసీలు పెట్టించుకున్న నలుగురూ మిగులు సామర్థ్యాన్ని వాడేసుకున్నారు. ఐదో ఇంటివాళ్లు బాగు చేయించేసరికి బోర్డు వేడెక్కి ఫ్యూజులు పోవడం మొదలైంది. అందరి వేళ్లూ ఐదో ఇంటివైపే. ఇది అన్యాయం. ఆ మిగులు అందరిదీ, దాన్ని ముందొచ్చినవాళ్లు ఉచితంగా తీసుకున్నారు. సరైన లెక్క కిలోవాట్ చొప్పున వేసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ మార్చడానికి 3 లక్షలు అయి, దానివల్ల అదనంగా 30 కిలోవాట్ల చోటు వస్తే, కిలోవాట్‌కి 10,000 అన్నమాట. ఇంతకుముందు పెంచుకున్నవాళ్లు, ఇప్పుడు పెంచుకుంటున్నవాళ్లు తమ అదనపు కిలోవాట్ల మేరకు కడతారు. మిగిలిన మొత్తం అసోసియేషన్ నిధి నుంచి పెట్టి, తర్వాత లోడ్ పెంచుకునేవాళ్ల దగ్గర అదే రేటున నిధికి జమ చేయించుకోవచ్చు. ఏసీ లేకుండా రెండు ఫ్యాన్లతో బతుకుతున్న రిటైర్డ్ మేష్టారి చేత సమాన వాటా కట్టించడం తగదు. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ పిట్ మాత్రం మినహాయింపు. గీజర్లు పెరిగిన భవనంలో ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రాణం మీదకొస్తుంది. అది అందరి ఖర్చు, వెంటనే చేయించాల్సిన ఖర్చు.

పై అంతస్తులో షవర్‌కి ఒత్తిడి చాలడం లేదని ట్యాంకు నుంచి దిగే ఉమ్మడి నీటి పైపుకే ప్రెషర్ పంపు బిగించేవాళ్లున్నారు. పక్క ఇళ్ల కొళాయిలు సన్నబడతాయి. అది సొంత ఖర్చుతో, అసోసియేషన్ అనుమతితో, విడి ట్యాంకు మీద మాత్రమే పెట్టుకోవాలి. చిమ్నీ గొట్టం కోసం బీమ్‌కి రంధ్రం కొట్టినా, రాళ్లూ రప్పలూ లిఫ్టులో మోయించి పాడు చేసినా బాగు చేయించాల్సింది పని చేయించుకున్నవాళ్లే. పని మొదలుపెట్టేటప్పుడే తిరిగి ఇచ్చే డిపాజిట్ కొంత కట్టించుకుంటే వసూలుకి వెంటపడే బాధ తప్పుతుంది.

భవనం కొత్తదైతే ఇంత లెక్క అక్కర్లేదు. రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం ఫ్లాట్ అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, వసతుల్లో లోపం బయటపడి బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. బాత్రూమ్ మార్పించుకునేటప్పుడు మీరు పగలగొట్టినందువల్లే లీకైంది అని బిల్డర్ అనే అవకాశం ఉంది. అందుకే గోడ ముట్టకముందు ఫొటోలు తీసి, లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వడం ముఖ్యం. అమ్ముడుపోని ఫ్లాట్లకీ, స్థలం ఇచ్చినందుకు స్థలం యజమాని వాటాకి వచ్చిన ఫ్లాట్లకీ ఉమ్మడి ఖర్చు నుంచి మినహాయింపు ఏమీ ఉండదు. అద్దెకున్నవాళ్లు నెలవారీ మెయింటెనెన్స్ కట్టొచ్చు కానీ, పైపుల మార్పు లాంటి పెద్ద ఖర్చు యజమాని ఆస్తి విలువకి సంబంధించింది. దాన్ని అద్దెదారు మీదకి నెట్టకూడదు.

ఈ తగాదాలన్నిటి వెనకా ఒకే లోటు ఉంది, నిధి లేకపోవడం. నెలనెలా వసూలు చేసే డబ్బు వాచ్‌మన్ జీతం, మోటారు కరెంటు, మెట్ల ఊడ్పు, లిఫ్టు సర్వీసుతో అయిపోతుంది. పైపు పగిలిన రోజున ఇంటింటికీ తిరిగి చందా ఎత్తాలి. సగం యజమానులు విశాఖలోనో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. మహారాష్ట్ర నమూనా బైలాలు నిర్మాణ ఖర్చులో ఏటా కనీసం 0.25 శాతం సింకింగ్ ఫండ్‌గా, అంటే ముందుముందు వచ్చే పెద్ద మరమ్మతుల నిధిగా, పక్కన పెట్టమంటాయి. 1,000 చదరపు అడుగుల ఫ్లాట్ నిర్మాణానికి 15 లక్షలు అనుకుంటే ఏడాదికి 3,750, నెలకి సుమారు 312 రూపాయలు. మన 15 ఫ్లాట్ల భవనంలో ఏటా 56,250 జమవుతుంది. నాలుగేళ్లలో 2,25,000. డ్రైనేజీ పైపు ఒకటి మార్చడానికి ఎవరి తలుపూ తట్టనక్కర్లేదు. జీఎస్టీ పడుతుందేమోనన్న భయం చిన్న భవనాలకి అక్కర్లేదు. సభ్యుడికి నెలకి 7,500 రూపాయల దాకా మినహాయింపు 2018 జనవరి నుంచి ఉంది.

నిధి బ్యాంకులో ఉండాలంటే అసోసియేషన్ రిజిస్టర్ అయి ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద చేసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తులు తీర్మానం కావు. మినిట్స్ పుస్తకంలో తేదీ, హాజరు, సంతకాలు ఉంటేనే రేపు కట్టనివాళ్ల మీద అడుగు ముందుకు వేయగలుగుతారు. మాట వినకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కి వెళ్లొచ్చు. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీతో కుదిరిన అవార్డు మీద అప్పీలు ఉండదు. పక్కింటివాళ్లతో జీవితాంతం మొహాలు చూసుకోవాల్సిన చోట సివిల్ దావా కంటే ఇది మేలు.

బాగు చేయించాలనుకున్న యజమాని పని మొదలవడానికి కనీసం పది రోజుల ముందు అసోసియేషన్‌కి ఒక కాగితం ఇవ్వాలి. ఏ గోడ తీస్తారు, ఏ పైపులు కదులుతాయి, ఎంత లోడ్ పెరుగుతుంది, ఎన్ని రోజులు పడుతుందో అందులో రాయాలి. గోడ తెరిచిన రోజున సెక్రటరీ, పైఇంటివాళ్లు, కిందింటివాళ్లు ఒకసారి వచ్చి చూడాలి. పైపు మార్చాల్సి వస్తే రెండు కొటేషన్లు తీసుకుని రెండు మూడు రోజుల్లో తేల్చేయాలి, ఎందుకంటే పగలగొట్టిన బాత్రూమ్‌తో ఆ కుటుంబం అంతకంటే ఎక్కువ రోజులు ఉండలేదు. కొత్త పైపు వేశాక, టైల్స్ మూయకముందు, జాయింట్ల ఫొటో తీసి, దాని మీద ఫ్లాట్ నంబరు, తేదీ, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రాసి అసోసియేషన్ ఫైల్లో పెట్టాలి. ఆ మూలన ఒక చిన్న తలుపు వదిలితే వచ్చేసారి ఎవరైనా ఒక్క టైల్ కూడా పగలగొట్టకుండా ఆ జాయింట్‌ని చూడగలుగుతారు.